భీముని ముద్ద కింద పిలిచిన పేరు

కుల్కచర్ల దాటిన తరువాత గుట్టల్లో ఒక గుండు ఉంది. దాన్ని భీముని ముద్ద అంటారు. ఎంత పెద్దదని నన్నడగకండి. నేను చెబితే మీరు నమ్మరు, నమ్మినవాళ్ళెవరూ ఇంతవరకు బాగుపడలేదు. అయినా తాండూరు రైల్వే మాల్‌గోదాంలో గుమాస్తాగా బండలు తూకం వేయించి వేయించి ఈ వయసుకు వచ్చినవాణ్ణి కాబట్టి నా అంచనా ఒకటి చెబుతాను. ఆ గుండును పగలగొట్టి వ్యాగన్లకెత్తితే, ఇంజను వాడి జంక్షన్ స్టేషన్లో నీళ్ళు తాగుతుండగా చివరి డబ్బాలో గార్డు ఇంకా వికారాబాదులోనే పచ్చజెండా ఊపుతూ ఉంటాడు.

అంత గుండూ ఏటవాలు పరుపుబండ మీద బొటనవేలంత చోట ఆనుకుని నిలబడింది. అవతలి పక్క వంగి చూస్తే దానికీ బండకూ నడుమ నుంచి ఆకాశం కనిపిస్తుంది. మా నాయిన చిన్నతనంలో ఒకసారి తూనీగ వచ్చి దాని మీద వాలితే గుండు అటు ఒరిగిందట, తూనీగ లేచిపోయాక మళ్ళీ ఇటు వచ్చిందట. ఈ మాట మా నాయిన చెప్పలేదు, నేనే చెబుతున్నాను. ఆయన బతికుంటే మాత్రం కాదనేవాడు కాదు.

అరణ్యవాసంలో పాండవులు ఆ గుట్టల్లో దిగారట. భీముడు ఆకలి మీద జొన్న గటక కలిపి, ముద్ద చేసి నోటిదాకా తెచ్చుకున్నాడు. సరిగ్గా అప్పుడే దూరం నుంచి ఎవరో ఆయన్ని పేరు పెట్టి పిలిచారు. తల్లి అని కొందరంటారు, ద్రౌపది అని కొందరంటారు. ద్రౌపది కానే కాదని మా మేనత్త గట్టిగా వాదించేది, పెళ్ళాం మొగుణ్ణి పేరు పెట్టి ఎట్లా పిలుస్తుందని. ఎవరైతేనేం, పిలుపు విని భీముడు ముద్దను బండ మీద పెట్టి ఎంగిలి చేత్తోనే లేచిపోయాడు. మళ్ళీ రాలేదు. ముద్ద గడ్డకట్టి గుండయింది. ఆయన వస్తే తినడానికి వీలుగా, ఒరగకుండా, దొర్లకుండా ఇప్పటికీ కాచుకుని ఉంది.

అందుకే జాడ తెలియకుండా పోయిన మనుషుల సంగతి ఆ గుండునే అడుగుతారు. గటక కట్టుకుని పోవాలి. గుండు కింద గుహలాంటి చోట కూర్చుని సగం తినాలి, సగం బండ మీద వదలాలి. చెయ్యి కడుక్కోకుండా లేచి, పోయిన మనిషిని పేరు పెట్టి పిలవాలి. పిలుపు తిరిగొస్తే మనిషి ఉన్నట్టు. రాకపోతే లేనట్టు. పిలిచేది ఎవరంటే వాళ్ళు కాదు. కన్నతల్లి ఉంటే తల్లి, లేకపోతే తాళి కట్టించుకున్న మనిషి.

మా మేనత్త మొగుడికి, అంటే మా మామకు, తల్లి లేదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

మామ గొర్లకాపరి. నలుగురున్న చోట నోరు తెరవని మనిషి. తన పెళ్ళిలోనే పేరేమిటని పంతులడిగితే పక్కవాణ్ణి చూపించాడని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. గొర్లతో మాట్లాడేవాడు, అత్తతో మాట్లాడేవాడు. మూడో మనిషి గడపలో కాలు పెడితే గొంగడి తల మీదికి లాక్కునేవాడు. పోలీసు యాక్షన్ జరిగిన ఏడు, మా దిక్కు గడ్డి దొరక్క మందను తోలుకుని తాండూరు దాటి కన్నడపు ఊళ్ళ వైపు పోయాడు. అప్పటికి ఆయన కూతురు ఇంకా పాలు మరవలేదు.

ఒక సాయంత్రం, దీపం పెట్టే వేళకు మంద ఇంటికొచ్చింది. ముందు పొట్టేలు, దాని వెనక గొర్లు, వాటి వెనక దారిలో పుట్టిన పిల్లలు. ఒక్కటి తగ్గలేదు. మనిషి రాలేదు. కుక్క కూడా రాలేదు. దొడ్డి తడిక తెరిచి ఉంటే వాటంతటవే లోపలికి పోయి, ఎవరో కూర్చోమన్నట్టు కూర్చున్నాయి. పొట్టేలు మెడలో గంట లేదు. తాడు తెగి పడిపోలేదు, ఎవరో ముడి విప్పి తీసుకున్నారు. చప్పుడు కాకుండా మందను ఎక్కడి నుంచి ఎక్కడికి దాటించాల్సి వచ్చిందో, దాటించినవాడు ఏమయ్యాడో చెప్పడానికి గొర్లకు నోరు లేకపోయె. మా అత్త బాట వైపు చూస్తూ తెల్లవార్లూ తడిక మూయలేదు.

మా నాయిన కొడంగల్ నుంచి బంట్వారం దాకా తిరగని ఊరు లేదు. గొర్లు పోతుంటే చూశామన్నవాళ్ళే గాని, వాటి వెనక మనిషిని చూశామన్నవాళ్ళు దొరకలేదు.

"కుక్క వచ్చిందా?" అని అత్త అందరినీ అడిగేది. "రాలే గద. మరి ఆయనతోనే ఉన్నట్టు. ఆయన ఉంటేనే గద, గది ఆయనతోని ఉండేది?"

ఈ తర్కాన్ని పడగొట్టగలిగిన వకీలు హైదరాబాదు హైకోర్టులో కూడా పుట్టలేదు.

నాకు తాండూరులో నౌకరి దొరికిన తరువాత ఏటా మాఘ అమావాస్యకు అత్తను నేనే గుండు దగ్గరికి తీసుకుపోయేవాణ్ణి. ఆమె సగం గటక తినేది, సగం వదిలేది, లేచి నిలబడేది. పేరు మాత్రం పెట్టేది కాదు. మొగుడి పేరు నోటితో అంటే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా ఆడవాళ్ళ నమ్మకం. మామకు ఉన్నది దేవుడి పేరు. ఆ పాపానికి మా అత్త ఆ దేవుడికి మొక్కినన్నాళ్ళూ ఒక్కసారి కూడా ఆయన్ని పిలవలేదు, "గుడిలున్నాయనా" అని సరిపెట్టుకుంది. ఓట్ల జాబితా రాసుకోవడానికి వచ్చిన మనిషి మీ ఆయన పేరేమిటని అడిగితే, మాట లేకుండా చేతులు తిప్పి, శంఖం ఊది, గంట కొట్టి చూపించింది. అతను భయపడి పక్కింటికి పరుగెత్తాడు.

అందుకని గుండు కింద ఆమె పిలుపు ఇట్లా ఉండేది.

"ఓయ్! ఇంటున్నవా?"

గుండు లోపలి నుంచి కాసేపటికి తిరిగొచ్చేది: "ఇంటున్నవా... ఇంటున్నవా..."

ఆమె గొంతే. కాకపోతే కొంచెం కిందికి దిగి, చివరన ఎవరో పక్కకు తిరిగి పడుకుని అడిగినట్టు వచ్చేది. అత్త కొంగు సర్దుకుని, "ఆఁ, ఇంటున్న, చెప్పు" అనేది మెల్లగా. చెప్పు అన్నాక అక్కడే నిలబడి ఎదురుచూసేది. నేను ఎండలో ఉండి కూడా వణికేవాణ్ణి. ఎండ కూడా వణికేదని నా నమ్మకం.

ఇట్లా ఏళ్ళు గడిచాయి. కూతురు పెళ్ళికెదిగింది. వరసకు నాకు మరదలే గాని నాకప్పటికే పెళ్ళయి ఇల్లంతా పిల్లలు. కొడంగల్ సంబంధం కుదిరింది. పిల్లగాడు బుద్ధిమంతుడు. పిల్లగాడి తల్లి నోరు మాత్రం రైలు కూత లాంటిది, రాకముందే వినబడేది. మాటముచ్చట రోజున ఆమె తమలపాకు నములుతూ అడిగింది.

"అన్నిటికీ సంబురమే గాని వదినె, ఒక్క మాట. పసుపు దంచేనాడు మొదటి పోటు పిల్ల తల్లి ఎయ్యాలె. నువ్వు ఎయ్యొచ్చునా, ఎయ్యొద్దా?"

అత్త చేతులు ముందుకు చాచింది. "గాజులున్నయి గద వదినె."

"గాజులు గాజులమ్మేటోడు ఇస్తడు. మనిషున్నడా అంటున్న."

 మా నాయిన కలగజేసుకున్నాడు. "ఇన్నేండ్లాయె చెల్లె. ఉన్నోడైతే ఇంత దనుక రాకుంటడా?"

"వచ్చినా నువ్వుండంగ ఇంట్లకు రాడు అన్నా. ఆయన సంగతి నీకెరుకనే గద."

"గిట్ల ఎన్నేండ్లు? ఒకపారి పేరు పెట్టి పిలువు. పలికితే ఉన్నట్టు, పలకకుంటే గాజులు తీసి, బొట్టు తీసి, బిడ్డ పెండ్లిల పక్కకు నిలబడు. ఏదో ఒకటి తేలాలె," అన్నాడు నాయిన.

అందరూ తలలూపారు. తేలాలె, తేలాలె అన్నారు. మా అత్త బొట్టు మీదికి వచ్చిన తీర్పు అది.  గుండుకు పోయేనాడు దారిలో ఆమె నా పక్కన నడుస్తూ అడిగింది.

"అల్లుడా, ఆయన ఉన్నడనుకో. నేను పేరు పెడితే ఆయుష్షు తగ్గుతది. లేడనుకో. పిలిచి ఏం ఫాయిద? గీ మాట మీ నాయినకు ఎట్ల చెప్పాలె?"

నేను గటక మూట అందుకుని ముందు నడిచాను. 

ఆ రోజు గుండు కిందికి ఎంతమంది వచ్చారంటే, పాండవుల కథ జరిగిన చోటికి కౌరవులు దిగినట్టుంది. మా వైపు వాళ్ళు, పిల్లగాడి వైపు వాళ్ళు, బస్సులో పరిచయమైనవాళ్ళు. వియ్యంకుడు కాబోయే ఆయన నల్ల గొడుగు పట్టుకుని వచ్చి, గుండు కింద నీడలో కూడా దాన్ని మూయలేదు, మీద పడితే ఆపుతుందని. గాలి లేదు. గుట్ట మీద ఎక్కడా పిట్ట కూయడం లేదు. లోపల పాత బూడిద వాసన, ఎవరెవరో వదిలిపోయిన సగం ముద్దల మీద చీమల బారులు. ఎంతమంది పిలిచిపోయారో, ఎందరికి పలికిందో అనుకుంటే నా కాళ్ళ కింది బండ చల్లగా జివ్వుమంది. అందరం భుజాలు రాసుకుంటూ లోపల కిక్కిరిసి నిలబడ్డాం. జవాబు మొదట తన చెవినే పడాలని ప్రతివాళ్ళకూ తొందర.

అత్త గటక విప్పింది. తిన్నది. ఆ ముద్ద గొంతు దిగడానికి పట్టిన కాలంలో జొన్న చల్లి, కోసి, రాశి పోయవచ్చు. లేచింది. ఎంగిలి చెయ్యి కొంగుకు తగలకుండా దూరంగా పట్టుకుంది. కళ్ళు మూసుకుంది. పిలిచింది.

ఆ పేరు ఆమె నోట మేమెవ్వరం ఎన్నడూ వినలేదు. తుప్పుపట్టిన తాళంలో చెవి తిరిగినట్టు కిర్రుమంటూ వచ్చింది. ఆ పేరు నేనిక్కడ రాయను. దాని మీద హక్కు ఆమెది.

గుండు పలకలేదు.

మేము ఊపిరి బిగబట్టాం. చీమలు కూడా ఆగాయని చెబుతాను, నమ్మితే నమ్మండి. ఏమీ తిరిగి రాలేదు. మెత్తని పరుపులో సూది పడ్డట్టు ఆ పేరు మా మధ్య ఎక్కడో పడి మాయమైంది. పిల్లగాడి తల్లి "అయ్యో పాపం" అని, అత్త గాజుల వైపు చూసింది. మా నాయిన రుమాలుతో మొహం కప్పుకున్నాడు. మరదలు నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగాయి.

అత్త కళ్ళు తెరిచి మా అందరినీ చూసింది.

"ఇగ బయటికి నడువుర్రి."

"ఏంది చెల్లె, అయిపాయె గద," అన్నాడు నాయిన.

"ఏం కాలే. నలుగురున్న కాడ ఆయన ఎన్నడన్న నోరు తెరిచిండా? ఇంత జాతర పెట్టుకొని పలుకుమంటే ఎట్ల పలుకుతడు? నడువుర్రి, నడువుర్రి!"

మామ సంగతి తెలిసినవాడెవడూ ఈ మాటను కాదనలేడు. గొర్లను తోలినట్టే మమ్మల్ని అందరినీ బయటికి తోలింది. గొడుగు ఇరుక్కుంటే దాన్ని కూడా నెట్టింది.

బయట ఎండలో నిలబడ్డాం. లోపల నుంచి ఆమె మళ్ళీ పిలిచింది. ఈసారి కిర్రుమనలేదు. పిలుపు ఆగిన తరువాత, కాస్త ఎడంతో, పేరు తిరిగొచ్చింది. కింది గొంతుతో, నింపాదిగా. పిల్లగాడి తల్లి నా భార్య వెనక్కి జరిగింది.

అంతటితో ఆమె బయటికి రావాలి. రాలేదు. లోపల మాటలు మొదలయ్యాయి.

మాటలు తెలియడం లేదు, గొంతు మాత్రమే తెలుస్తోంది. వంటింట్లో పనిచేసుకుంటూ వసారాలో ఉన్న మనిషితో మాట్లాడే గొంతు. నడుమ నడుమ ఆ పేరు వస్తోంది. పిలిచినట్టు కాదు, మాటలో మాటగా. ఒకసారి కసిరినట్టు, ఒకసారి బతిమాలినట్టు. ఒకసారి నవ్వింది. ఆ నవ్వు కూడా తిరిగొచ్చింది.

"ఎవరితోని మాట్లాడుతున్నది?" అన్నాడు గొడుగాయన.

"ఊకో బావ," అన్నాడు మా నాయిన. 

రైల్వే క్వార్టర్లలో నేనీ కథ చెప్పినప్పుడల్లా ఇక్కడ ఒక కుక్క మొరిగేది. కొన్నాళ్ళు పొట్టేలు గంట కూడా మోగించాను. ఒకసారి పిల్లల చప్పట్లకు పొంగిపోయి గుండును కూడా అటూ ఇటూ ఊపాను. అవేవీ జరగలేదు. జరిగింది ఇంకా చిన్నది, కాని దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఇంట్లో వీపు గోడకు ఆనించి కూర్చోవాలనిపిస్తుంది. ఆమె మాట్లాడి ఆగేది. మళ్ళీ మాట్లాడేది. ఆ ఆగడం, ఎదుటి మనిషి జవాబు చెబితే వినడానికి ఎంతసేపు పడుతుందో సరిగ్గా అంతసేపు ఉండేది. మేమందరం తెలియకుండానే ముందుకు వంగి, ఆమె మాటలను వదిలేసి ఆ ఖాళీలను వింటున్నాం.

చివరకు బయటికి వచ్చింది. గటక చేతి మీద ఎండిపోయి తెల్లబడింది.

"ఏమాయె వదినె?" అంది పిల్లగాడి తల్లి, దూరం నుంచే.

"ఉన్నడు," అంది అత్త. "రేపే పసుపు దంచుదాం."

దంచింది. మొదటి పోటు ఆమెదే. పెళ్ళి దాకా ఆ ఇంట్లో మేమంతా ఒక మనిషికి దారి విడిచి తిరిగాం. గడప దగ్గర కాళ్ళు కడుక్కోవడానికి చెంబు నీళ్ళు ఉండేవి. పొద్దున చూస్తే తగ్గి ఉండేవని నేను చెప్పేవాణ్ణి, ఎండకు తగ్గాయని మా నాయిన అనేవాడు, ఎండ గడప లోపలికి ఎట్లా వచ్చిందని మాత్రం ఇద్దరం అడగలేదు. అత్త పక్కన ఒక పీట, దాని మీద మడత పెట్టిన గొంగడి. ఎవ్వరూ దాని మీద కూర్చోలేదు. గొడుగాయన ఒకసారి మరిచిపోయి కూర్చోబోయి, సగంలో గుర్తొచ్చి, కిందికి దిగక పైకి లేవక భీముని ముద్దలాగా గాలిలో ఆగిపోయాడు. ఇద్దరం పట్టి లేపాం. దొడ్డిలో గొర్లు ఆ నాలుగు రోజులూ అరవలేదు, ఇంటి వైపే మొహాలు పెట్టి నిలబడ్డాయి. ఇది నా భార్య కూడా చూసింది. ఆమెకు పెంచి చెప్పే అలవాటు లేదు, అందుకే ఈ సంగతి ఆమె అసలు ఎత్తదు.

ఆ రోజుల్లో అత్త మళ్ళీ మామ పేరు పలకలేదు. "గాయన" అనేది, "పిల్ల తండ్రి" అనేది, ఎప్పటిలాగే.

పిల్లగాడి కాళ్ళు కడిగేటప్పుడు పళ్ళెం పట్టుకోవాల్సింది పిల్ల తండ్రి. మా నాయిన చెయ్యి చాచబోతే అత్త కళ్ళతోనే వద్దంది. తను ఒక్కతే నీళ్ళు పోసి కడిగింది. చుట్టూ జనం తోసుకుంటున్నా పళ్ళెంలో నీళ్ళు తొణకలేదు. చూసినవాళ్ళు చూశారు, చూడనట్టు అక్షింతలు వేశారు.

పిల్లను సాగనంపిన మర్నాడు పొద్దున, అరువు తెచ్చిన గంగాళాలు వాపసు ఇవ్వడానికని నేను అత్త ఇంటికి పోయాను. ఆమె దొడ్డి దగ్గర కూర్చుని ఉంది. నుదుట బొట్టు లేదు. చేతులు బోసిగా ఉన్నాయి. గొంగడిని తడిక మీద ఎండకు ఆరేసింది. నన్ను చూసి, మామ పేరు పెట్టి, పోయిండని చెప్పింది. పక్కూరి మనిషి సంగతి చెప్పినంత మామూలుగా.

"ఎప్పుడు పోయిండత్తా?"

"ఎన్నడో. గొర్లు వచ్చిన నాడే కావచ్చు."

"మరి ఉన్నడంటివి?"

ఆమె ఒక గొర్రెపిల్లను ఒళ్ళోకి లాక్కుని చెవిలో పిడుదు తీయడం మొదలుపెట్టింది.

"మీరు బయటికి పోయినంక పిలిచిన గద. పేరు ఎంత అలకగ వచ్చిందో తెలుసునా అల్లుడా? ఉన్నోని పేరైతే గొంతుల అడ్డం పడకపోవునా? అప్పుడే తెలిసింది."

"గుండు పలికింది గద అత్తా. మేమంత విన్నం."

"గుండుకేం తెలుస్తది? నేను పిలిస్తే అది పిలిచింది."

"మరి అంతసేపు లోపల ఎవరితోని మాట్లాడినవు?"

"ఆయనతోనే. బిడ్డ పెండ్లి ముచ్చట చెప్పిన. పిల్లగాడు ఎసుంటోడో చెప్పిన. వియ్యపురాలి నోరు ఎసుంటిదో చెప్పిన, నవ్వొచ్చింది ఇద్దరికి. పెండ్లయ్యేదాక ఉండు, ఆ తరువాత నీ ఇష్టం అన్న." పిడుదును బండ మీద నలిపింది. "ఉన్నడు. నా మాట ఎన్నడు తీసెయ్యలే ఆయన."

నేను గంగాళాలు అక్కడే పెట్టి పోయి మా నాయినను పిలుచుకొచ్చాను. ఆయన చెల్లెలి చేతులు చూశాడు, నుదురు చూశాడు. తానే తీయమన్న గాజులవి. దినాలు చెయ్యాలంటే తిథి కావాలి గద, ఏ తిథి అనుకోమంటావని అడిగాడు.

"నిన్నటి దాక ఉన్నడు గద అన్నా," అంది అత్త. "ఇయ్యాల్టిదే."

మా నాయిన సరేనన్నాడు. తలకు చుట్టుకున్న రుమాలు విప్పి, దొడ్డి తడికకు ఆనుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్ళుగా ఆ మనిషి పోయాడు పోయాడని అందరికీ చెబుతూ వచ్చినవాడు, ఆ పొద్దున్నే కబురు అందినట్టు ఏడ్చాడు.